ఒకటి పెడితే ఇంకొకటి పోతోందా? ఇంటి కంప్యూటర్‌లో యూఎస్‌బీ తగాదాలు తేల్చే పద్ధతి

వేలిముద్రల మెషీన్ పెడితే ప్రింటర్ ఆఫ్‌లైన్ అంటుంది. కువైట్‌లో ఉన్న అబ్బాయితో వీడియో కాల్ మొదలవగానే వైర్‌లెస్ మౌస్ తడబడుతుంది. పెళ్లి ఫొటోలున్న హార్డ్ డిస్క్ టిక్కు టిక్కుమని రెండుసార్లు కొట్టుకుని తెర మీద నుంచి మాయమవుతుంది. అమలాపురంలో అడిగినా భీమవరంలో అడిగినా ముందు వినిపించే సలహా "ఫార్మాట్ కొట్టాలండి" అనే. చాలాసార్లు ఆ అవసరమే ఉండదు. విండోస్ మళ్లీ ఎక్కించినా నాలుగు రోజుల్లో అదే గొడవ తిరిగొస్తుంది, ఎందుకంటే అసలు తగువు విండోస్‌లో లేదు.

పాతకాలం కంప్యూటర్లలో రెండు కార్డులు ఒకే ఐఆర్‌క్యూ నంబర్ (ప్రాసెసర్‌ని పిలిచేందుకు కార్డుకిచ్చే నంబర్) కోసం కొట్టుకునేవి. ఆ రోజుల సలహాలు ఇప్పటికీ ఇంటర్నెట్‌లో తిరుగుతున్నాయి. యూఎస్‌బీకి అవి వర్తించవు. ఒక కంట్రోలర్ (యూఎస్‌బీ పోర్టుల్ని నడిపే చిప్) కింద ఎన్ని పరికరాలున్నా ప్రాసెసర్‌ని పిలిచేది ఆ కంట్రోలరే, పరికరాలు కాదు. ఒక కంట్రోలర్ 127 అడ్రసుల దాకా ఇవ్వగలదు కాబట్టి ఇంట్లో అడ్రసులకీ కరువు రాదు. ఇప్పటి యూఎస్‌బీ పరికరాలు కొట్టుకునేది వేరే వాటి కోసం: కరెంటు, డేటా దారి, 2.4 గిగాహెర్ట్జ్ రేడియో, పోర్టు పేర్లు, డ్రైవర్లు (పరికరాన్ని విండోస్‌తో మాట్లాడించే సాఫ్ట్‌వేర్). వీటిలో ఏది పంచుకోవడంలో తేడా వచ్చిందో తేలితే సగం పని అయిపోయినట్టే.

ముట్టుకునే ముందు

ఒక కాగితం తీసుకుని ఏ పరికరం ఏ పోర్టులో ఉందో రాయండి: సీపీయూ ముందు వైపా, వెనక వైపా, నలుపా, నీలమా, మధ్యలో హబ్ (ఒక పోర్టును నాలుగైదు చేసే పెట్టె) ఉందా, ఎక్స్‌టెన్షన్ వైరు ఉందా. సాధారణంగా నీలం రంగు పోర్టు యూఎస్‌బీ 3.0, నలుపు లేదా తెలుపు 2.0. రంగుల్ని పూర్తిగా నమ్మక్కర్లేదు, కొందరు తయారీదారులు వాటిని పాటించరు.

పక్కనే ఇంకొకటి రాయండి: తేడా ఎప్పుడు వస్తోంది? ఏ పరికరం పోతోందన్నదాని కంటే ఎప్పుడు పోతోందన్నదే ఎక్కువ చెబుతుంది. పెట్టిన క్షణంలోనే పోతే కరెంటో డ్రైవరో. కాసేపు వాడకుండా వదిలేశాక పోతే పవర్ సేవింగ్. రెండూ ఒకేసారి పనిచేస్తున్నప్పుడే పోతే కరెంటు లేదా డేటా దారి. పోర్టు మార్చాక మొదలైతే పేర్ల గొడవ. విండోస్ అప్‌డేట్ తర్వాతైతే డ్రైవర్. నాలుగు రోజులు ముసురు పట్టాక మొదలైతే ముందు కాంటాక్టుల్ని అనుమానించండి.

ఆ తర్వాత కంప్యూటర్‌కి నిజమైన విశ్రాంతి ఇవ్వాలి. "రాత్రి ఆపేసి పొద్దున్నే వేశాను, అయినా తగ్గలేదు" అనేవాళ్లు ఒక సంగతి గమనించరు. విండోస్ 10, 11లలో ఫాస్ట్ స్టార్టప్ ఆన్‌లో ఉంటే షట్‌డౌన్ చేసినప్పుడు డ్రైవర్ల స్థితి డిస్క్‌లో దాచిపెట్టి, మళ్లీ వేసినప్పుడు దాన్నే లేపుతుంది. చిక్కుపడిన డ్రైవర్ చిక్కుతోనే లేస్తుంది. రీస్టార్ట్ చేస్తే మాత్రం అన్నీ మొదటి నుంచి లోడవుతాయి. మరో సంగతి, కంప్యూటర్ ఆపినా చాలా మదర్‌బోర్డులు పోర్టులకి 5 వోల్టులు ఇస్తూనే ఉంటాయి. అందుకే ఆపాక కూడా మౌస్ కింద ఎర్రలైటు వెలుగుతుంది. మొండికేసిన పరికరానికి ఆ కరెంటు కూడా తెగాలి. షిఫ్ట్ నొక్కి పట్టుకుని షట్‌డౌన్ చేయండి, గోడ స్విచ్ ఆపి ప్లగ్ పీకండి, పవర్ బటన్ 15 నుంచి 20 సెకన్లు నొక్కి ఉంచండి, రెండు నిమిషాలు ఆగి మళ్లీ వేయండి. కొన్ని తగాదాలు ఇక్కడే తీరిపోతాయి.

విడదీసి చూడడం

ఇక్కడ తొందరపడితే తర్వాత చేసేదంతా ఊహే అవుతుంది.

1. కీబోర్డు, మౌస్ తప్ప అన్నీ పీకేయండి. హబ్ కూడా.

2. తేడా చేస్తున్న పరికరం ఒక్కదాన్నే, దాని సొంత వైరుతో, సీపీయూ వెనక పోర్టులో నేరుగా పెట్టండి. వెనక పోర్టులు మదర్‌బోర్డుకే అతికి ఉంటాయి. ముందు పోర్టులు లోపల సన్నటి వైరుతో వస్తాయి, ఆ వైరులో కొంత వోల్టేజ్ పోతుంది, పిన్ను లూజయ్యే అవకాశమూ ఉంది.

3. ఒంటరిగా పెట్టినా పని చేయకపోతే అది తగాదా కాదు. వైరు మార్చి చూడండి. కొన్ని చవక ఫోన్ వైర్లు చార్జింగ్‌కే పనికొస్తాయి, వాటిలో డేటా తీగలుండవు. ఆ తర్వాత ఇంకో కంప్యూటర్‌లో చూడండి. అక్కడా రాకపోతే పరికరమే పోయింది.

4. ఒంటరిగా బాగుంటే మిగతావాటిని ఒక్కొక్కటే కలపండి. పెట్టి ఊరుకోకండి, ప్రతిదాన్నీ ఐదు పది నిమిషాలు నిజంగా వాడండి. ప్రింటర్ అయితే పేజీ తీయండి, కెమెరా అయితే వీడియో నడపండి, డిస్క్ అయితే పెద్ద ఫైల్ కాపీ చేయండి. ఖాళీగా ఉన్న పరికరాలు కొట్టుకోవు.

5. గొడవ తిరిగొచ్చిందా? చివర పెట్టినదే దోషి అనుకోకండి. దాన్ని ఉంచి, వేరేది ఏదైనా ఒకటి పీకండి. ఏది పీకినా సర్దుకుంటుంటే ఇది కరెంటు గానీ డేటా దారి గానీ చాలకపోవడం. ఫలానా రెండూ కలిస్తేనే గొడవ, మిగతావి ఎన్నున్నా ఫరవాలేదంటే డ్రైవర్, పేరు, రేడియో ఈ మూడింట్లో ఒకటి.

ఈ ఐదో మెట్టు చాలామంది వేయరు. దీంతోనే దారి రెండుగా చీలుతుంది.

ఇక్కడ డివైస్ మేనేజర్ కూడా తెరిచి చూడండి. స్టార్ట్ బటన్ మీద రైట్ క్లిక్ చేస్తే కనిపిస్తుంది. పైన వ్యూ మెనూలో డివైసెస్ బై కనెక్షన్ ఎంచుకుంటే ఏ పరికరం ఏ హబ్ కింద, ఆ హబ్ ఏ కంట్రోలర్ కింద ఉందో చెట్టులా కనిపిస్తుంది. మీరు వేర్వేరు పోర్టులనుకున్నవి లోపల ఒకే హబ్ కింద ఉండడం మామూలే. ల్యాప్‌టాప్‌లలో వెబ్‌క్యామ్, బ్లూటూత్ కూడా లోపల యూఎస్‌బీ పరికరాలుగానే ఉంటాయి.

కరెంటు లెక్క

యూఎస్‌బీ 2.0 పోర్టు ప్రమాణం ప్రకారం 500 మిల్లీయాంపులు ఇస్తుంది, యూఎస్‌బీ 3.0 పోర్టు 900. రెండూ 5 వోల్టుల మీదే. సొంత అడాప్టర్ లేని హబ్‌కి యూఎస్‌బీ 2.0 లెక్కలో వచ్చేది మొత్తం 500. అందులో తనకి 100 ఉంచుకుని నాలుగు పోర్టులకి తలా 100 పంచాలి. ఇప్పుడు కలపండి: కీబోర్డు 100, మౌస్ 100, వైఫై డాంగిల్ 500, వెబ్‌క్యామ్ 500. అడుగుతున్నది 1,200, ఉన్నది 400. చాలా పరికరాలు అడిగినంత వాడవు కాబట్టి కొన్నాళ్లు నడిచిపోతుంది. డాంగిల్, కెమెరా రెండూ ఒకేసారి గట్టిగా పనిచేసిన రోజున అసలు సంగతి బయటపడుతుంది.

డివైస్ మేనేజర్‌లో యూఎస్‌బీ రూట్ హబ్ ప్రాపర్టీస్ తెరిస్తే, పవర్ అనే ట్యాబ్ ఉన్న చోట ప్రతి పరికరం ఎంత అడుగుతోందో కనిపిస్తుంది. అది పరికరం చెప్పుకున్న గరిష్ఠం, నిజంగా తాగుతున్నది కాదు. నిజం తెలియాలంటే కొన్ని వందల రూపాయలకి దొరికే చిన్న యూఎస్‌బీ టెస్టర్ పోర్టుకీ పరికరానికీ మధ్య పెట్టాలి. పరికరం పనిచేస్తున్నప్పుడే చూడాలి, ఖాళీ పోర్టు ఎప్పుడూ బాగానే చూపిస్తుంది. పోర్టు దగ్గర 4.75 వోల్టుల కిందికి దిగుతోందంటే సరఫరా బలహీనంగా ఉందని. వైరు చివర 4.4 కంటే తగ్గితే ఏ పరికరమైనా తిక్కగా ప్రవర్తిస్తుంది. హబ్ మీద హబ్, దాని మీద ఎక్స్‌టెన్షన్ వేస్తే చివరున్నదానికి కాలువ శివారు చేలకి అందినట్టే అందుతుంది.

చిన్న సైజు, అంటే రెండున్నర అంగుళాల హార్డ్ డిస్క్ తిరగడం మొదలుపెట్టే క్షణంలో నడిచేటప్పటికంటే చాలా ఎక్కువ లాగుతుంది. అందుకే ఆ టిక్కు టిక్కు చప్పుడు. అది విన్నాక మళ్లీ మళ్లీ పెట్టి చూడకండి, డిస్క్ దెబ్బతింటుంది. పొట్టి వైరుతో వెనక నీలం పోర్టులో నేరుగా పెట్టండి. అయినా లేవకపోతే సొంత అడాప్టర్ ఉన్న హబ్ ద్వారా పెట్టండి.

పవర్డ్ హబ్ కొనేటప్పుడు డబ్బా మీద పోర్టుల సంఖ్య కంటే అడాప్టర్ మీద రాసింది చూడండి. ఏడు పోర్టుల హబ్‌కి 5 వోల్టుల 1 యాంపు అడాప్టర్ ఇచ్చారంటే అది పేరుకే పవర్డ్ హబ్. నాలుగు పోర్టులకి కనీసం 3 యాంపులుంటే నిశ్చింత. చవక హబ్‌లలో ఇంకో జబ్బుంది: తన కరెంటును వెనక్కి కంప్యూటర్‌లోకి తోస్తుంది. కంప్యూటర్ ప్లగ్ పీకేసినా లోపల చిన్న లైటు వెలుగుతున్నా, హబ్ ఉన్నప్పుడు కంప్యూటర్ సరిగా లేవకపోతున్నా ఇదే కారణం కావచ్చు. అలాంటి హబ్ పక్కన పడేయడమే మేలు.

డేటా దారి

యూఎస్‌బీ 2.0 మొత్తం వేగం సెకనుకి 480 మెగాబిట్లు. ఒక హబ్ కింద ఎన్ని 2.0 పరికరాలున్నా ఆ 480నే పంచుకోవాలి. పెన్‌డ్రైవ్ లాంటివి ఖాళీ దొరికినప్పుడు పంపుకుంటాయి, ఆలస్యమైనా ఓర్చుకుంటాయి. కెమెరా, హెడ్‌సెట్ అలా కాదు, ముందే తమ వాటా రిజర్వ్ చేసుకుంటాయి. ఇలాంటి రిజర్వేషన్లకి 2.0లో 80 శాతమే, అంటే 384 మెగాబిట్లే కేటాయించవచ్చు.

కంప్రెస్ చేయని వీడియో 640×480 సైజులో సెకనుకి 30 ఫ్రేములు పంపితే దాదాపు 147 మెగాబిట్లు కావాలి. అదే 1280×720 అయితే 442. అంటే ఒక్క కెమెరాకే చాలదు. అందుకే కెమెరాలు పెద్ద సైజు వీడియోని కంప్రెస్ చేసి పంపుతాయి. కొన్ని యాప్‌లు కంప్రెస్ కాని వీడియోనే అడుగుతాయి. రెండో కెమెరా నల్లగా ఉండిపోవడం, హెడ్‌సెట్‌లో మాట తెగిపోవడం ఇక్కడి నుంచే. ట్యూషన్ చెప్పేవాళ్లు ముఖానికో కెమెరా, నోట్‌బుక్కుకో కెమెరా పెట్టుకున్నప్పుడు రెంటినీ ఒకే హబ్‌లో పెట్టకూడదు. ఒకటి ముందు వైపు, ఒకటి వెనక వైపు పెట్టి, రెండోదాని సైజు తగ్గించండి.

హెడ్‌సెట్లు, బార్‌కోడ్ స్కానర్లు చాలావరకు 12 మెగాబిట్ల పాత వేగంతో నడుస్తాయి. చవక హబ్‌లలో ఈ నెమ్మది పరికరాలన్నిటికీ కలిపి ఒకే అనువాదకుడు, అంటే మొత్తం మీద 12 మెగాబిట్లే. మల్టీ టీటీ అని రాసి ఉన్న హబ్‌లో ప్రతి పోర్టుకీ విడిగా ఒకటుంటుంది. దొరక్కపోతే హెడ్‌సెట్‌ని హబ్‌లోంచి తీసి నేరుగా పెట్టండి, అంతే.

నాట్ ఎనఫ్ యూఎస్‌బీ కంట్రోలర్ రిసోర్సెస్ అని తెర మీద వస్తే అది కరెంటు సంగతి కాదు. ప్రతి పరికరం కంట్రోలర్‌లో కొన్ని ఎండ్‌పాయింట్లు (డేటా వచ్చిపోయే ద్వారాలు) ఆక్రమిస్తుంది, వాటి లెక్క నిండిపోయింది. వాడనివి తీసేయాలి, లేకపోతే రెండో కంట్రోలర్ కావాలి.

వైరు లేని మౌస్, పక్కనే ఉన్న హార్డ్ డిస్క్

ఇది కనిపించని తగాదా కాబట్టి చాలామంది మౌస్ మార్చేస్తారు, బ్యాటరీ మార్చేస్తారు. యూఎస్‌బీ 3.0 డేటా నడుస్తున్నప్పుడు పోర్టు, వైరు, డిస్క్ పెట్టె మూడూ 2.4 గిగాహెర్ట్జ్ చుట్టూ రేడియో రొద పుట్టిస్తాయి. ఇంటెల్ సంస్థ 2012లో దీని మీద ఒక శ్వేతపత్రమే విడుదల చేసింది. వైర్‌లెస్ మౌస్, చాలా వైఫై డాంగిళ్లు, బ్లూటూత్ పనిచేసేది కూడా ఆ 2.4లోనే. మౌస్ డాంగిల్ నీలం పోర్టులో, దాని పక్కనే 3.0 డిస్క్ కాపీ అవుతుంటే మౌస్ గెంతడంలో వింతేమీ లేదు.

మందు చవకైనదే: అర మీటరు నుంచి మీటరు దాకా ఉన్న యూఎస్‌బీ 2.0 ఎక్స్‌టెన్షన్ వైరుతో డాంగిల్‌ని మౌస్ దగ్గరికి తెచ్చి బల్ల మీద పెట్టండి, లేదా డాంగిల్ ముందుకీ డిస్క్ వెనక్కీ మార్చండి. రౌటర్‌లో 5 గిగాహెర్ట్జ్ ఉండి, డాంగిల్ కూడా దాన్ని అందుకోగలిగితే వైఫైని దానికి మార్చేయండి. డిస్క్ కాపీ ఆపగానే మౌస్ బాగైతే మీ అనుమానం నిజమే.

పేర్లు, నంబర్లు, డ్రైవర్లు

విండోస్ ఒక పరికరాన్ని గుర్తుపట్టేది దాని తయారీ కంపెనీ నంబర్, మోడల్ నంబర్, సీరియల్ నంబర్లతో. సీరియల్ నంబర్ లేని పరికరాన్ని పోర్టు మార్చి పెడితే కొత్త పరికరమనుకుంటుంది. ప్రింటర్ పక్కన కాపీ 1 అనే రెండో ప్రింటర్ పుట్టుకొచ్చేది అలాగే. అసలుది ఆఫ్‌లైన్‌లో ఉండిపోతుంది, మీరు ఇచ్చిన ప్రింట్ అక్కడ క్యూలో నిలబడుతుంది. ప్రింటర్ ప్రాపర్టీస్‌లో పోర్ట్స్ ట్యాబ్ తెరిచి, అసలు ప్రింటర్‌కి ఇప్పటి యూఎస్‌బీ పోర్టు టిక్ పెట్టి, కాపీని తీసేయండి. తర్వాత ఆ పోర్టు మీద మార్కర్‌తో గుర్తు పెట్టుకుని వైరు ఎప్పుడూ అందులోనే పెట్టండి.

బిల్లింగ్‌కి ఎలక్ట్రానిక్ కాటా తగిలించుకున్న ఇళ్లలో ఇదే జబ్బు కామ్ పోర్టు (సీరియల్ పరికరాలకి విండోస్ ఇచ్చే నంబరు) రూపంలో వస్తుంది. యూఎస్‌బీ నుంచి సీరియల్‌కి మార్చే వైర్లలో విరివిగా ఉండే సీహెచ్340 చిప్‌కి సాధారణంగా సీరియల్ నంబర్ ఉండదు. పోర్టు మారిస్తే కామ్ 3 కాస్తా కామ్ 7 అవుతుంది, బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ మాత్రం ఇంకా 3నే వెతుకుతుంది. డివైస్ మేనేజర్‌లో పోర్ట్స్ కింద దాని ప్రాపర్టీస్, పోర్ట్ సెట్టింగ్స్, అడ్వాన్స్‌డ్‌లోకి వెళ్లి నంబర్ మార్చవచ్చు. కావలసిన నంబర్ పక్కన ఇన్ యూజ్ అని ఉంటే అది ఎప్పుడో పీకేసిన పరికరం వదలకుండా పట్టుకున్నది. వ్యూ మెనూలో షో హిడెన్ డివైసెస్ నొక్కితే మసకగా కనిపిస్తుంది. పోర్ట్స్ కింద మసకబారినవి మాత్రమే అన్‌ఇన్‌స్టాల్ చేయండి. మిగతా విభాగాల్లో మసకగా ఉన్నవన్నీ చెత్త కాదు, అక్కడ చేయి పెట్టకండి. ఇక పీఎల్2303 పేరుతో వచ్చే పాత చిప్పులు, నకిలీ చిప్పులు కొత్త డ్రైవర్‌తో కోడ్ 10 చూపిస్తాయి. కొత్త వైరు కొనుక్కోవడమే సులువు.

ఆధార్ వేలిముద్రల మెషీన్లది వేరే కథ. ప్రతి కంపెనీకీ తన ఆర్‌డీ సర్వీస్ (మెషీన్‌ని ఆధార్ యాప్‌లతో కలిపే) సాఫ్ట్‌వేర్ ఉంటుంది. అవి కంప్యూటర్ లోపల 11100 నుంచి 11120 దాకా ఉన్న నెట్‌వర్క్ పోర్టుల్లో ఒకదాన్ని పట్టుకుని కూర్చుంటాయి. రెండు కంపెనీల సర్వీసులు నడుస్తుంటే ముందు లేచింది 11100 తీసుకుంటుంది. కొన్ని యాప్‌లు మొదట దొరికిన దాన్నే పలకరించి, ఆ మెషీన్ తగిలించి లేకపోయేసరికి డివైస్ నాట్ రెడీ అంటాయి. సర్వీసెస్ కిటికీలో వాడని కంపెనీ సర్వీస్‌ని ఆపి, స్టార్టప్ టైప్ మాన్యువల్ చేసి, కంప్యూటర్ రీస్టార్ట్ చేయండి. పాత భద్రతా స్థాయి ఎల్0 మెషీన్ తీసి కొత్త స్థాయి ఎల్1 కొన్నవాళ్లు పాత సాఫ్ట్‌వేర్ తీసేసి కొత్త మోడల్‌కి సంబంధించినదే వేసుకోవాలి. ఈ మెషీన్లని హబ్‌లో పెట్టకండి, వెనక పోర్టులో నేరుగా పెట్టండి.

జీఎస్‌టీ, ఆదాయపన్ను పనులకి వాడే డిజిటల్ సంతకం టోకెన్లూ ఇంతే. రెండు కంపెనీల టోకెన్ల సాఫ్ట్‌వేర్ ఒకే కంప్యూటర్‌లో ఉంటే సంతకం పెట్టే సమయంలో తప్పు సర్టిఫికెట్ కనిపించవచ్చు, అసలు కనిపించకపోనూవచ్చు. ఒకసారికి ఒక్క టోకెనే పెట్టండి. పిన్ తప్పుగా పదేపదే కొడితే టోకెన్ లాక్ అవుతుంది. ఇనిషియలైజ్ అన్న బటన్ జోలికి అసలు వెళ్లకండి, లోపలి సర్టిఫికెట్ చెరిగిపోతుంది, మళ్లీ డబ్బు కట్టి తెచ్చుకోవాలి.

పెన్‌డ్రైవ్ పెట్టిన చప్పుడొచ్చి డ్రైవ్ మాత్రం కనిపించకపోతే డిస్క్ మేనేజ్‌మెంట్ తెరవండి. అక్షరం లేకుండా కూర్చుని ఉంటే రైట్ క్లిక్ చేసి ఖాళీ అక్షరం ఇవ్వండి. ఒక డిస్క్‌ని ఇంకోదానిలోకి క్లోన్ చేసినవాళ్లకి రెండూ పెట్టగానే ఒకటి ఆఫ్‌లైన్ అని చూపిస్తుంది, రెంటి సంతకం, అంటే డిస్క్‌ని విండోస్ గుర్తుపట్టే నంబర్, ఒకటే అయిపోయింది మరి. ఆ డిస్క్ పేరు మీద రైట్ క్లిక్ చేసి ఆన్‌లైన్ చేస్తే విండోస్ కొత్త సంతకం రాస్తుంది. దాంతో కంప్యూటర్ బూట్ చేయాలనుకుంటే మాత్రం అలా చేయకండి. ఇనిషియలైజ్ చేయమన్నా, ఫార్మాట్ చేయమన్నా ఒప్పుకోకండి.

నిద్రపుచ్చే సెట్టింగ్

కాసేపు వదిలేశాక పోయే పరికరాలకి ఇది. కంట్రోల్ ప్యానెల్‌లో పవర్ ఆప్షన్స్, చేంజ్ ప్లాన్ సెట్టింగ్స్, అడ్వాన్స్‌డ్, యూఎస్‌బీ సెట్టింగ్స్ దాకా వెళ్లి సెలెక్టివ్ సస్పెండ్‌ని డిసేబుల్ చేయండి. డివైస్ మేనేజర్‌లో ప్రతి యూఎస్‌బీ రూట్ హబ్ ప్రాపర్టీస్‌లో పవర్ మేనేజ్‌మెంట్ ట్యాబ్ కింద, కంప్యూటర్ దీన్ని ఆపవచ్చు అన్న టిక్ తీసేయండి. ల్యాప్‌టాప్‌లో బ్యాటరీ కొంచెం తొందరగా దిగుతుంది. కొన్ని కొత్త ల్యాప్‌టాప్‌లలో మొదటి సెట్టింగ్ కనిపించదు, అప్పుడు రెండోది చాలు.

కోడ్ నంబర్లు చెప్పేది

పసుపు త్రికోణం ఉన్న పరికరం మీద రెండుసార్లు క్లిక్ చేస్తే నంబర్ కనిపిస్తుంది. కోడ్ 28 అంటే డ్రైవరే లేదు. కోడ్ 10 అంటే డ్రైవర్ ఉంది గానీ పరికరం మొదలవలేదు. కోడ్ 43 అంటే పరికరమే తన పని బాగోలేదని చెప్పుకుంది, దాని వెనక వైరు, కరెంటు, కాంటాక్ట్ ఏదైనా ఉండవచ్చు. డివైస్ డిస్క్రిప్టర్ రిక్వెస్ట్ ఫెయిల్డ్ అని ఉంటే పరికరం తన పేరు చెప్పడం దగ్గరే ఆగిపోయింది, డ్రైవర్ వెతకడం దండగ, ముందు వైరూ పోర్టూ చూడండి. కోడ్ 39 అంటే డ్రైవర్ పాడైంది, లేదా విండోస్ 11లో కోర్ ఐసోలేషన్‌లోని మెమరీ ఇంటెగ్రిటీ పాత డ్రైవర్‌ని రానివ్వలేదు. దాన్ని ఆపేయమనే సలహాలు చాలా దొరుకుతాయి. ఆపకుండా కొత్త డ్రైవర్ తెచ్చుకోవడం మంచిది.

ఈవెంట్స్ ట్యాబ్‌లో తేదీ, సమయంతో సహా ఏం జరిగిందో ఉంటుంది. డివైస్ నాట్ మైగ్రేటెడ్ అన్న వాక్యం చూసి కంగారు పడక్కర్లేదు.

డెల్టాలో అదనంగా చూడాల్సినవి

ఓడలరేవు, అంతర్వేది, యానాం వైపు గాలిలో తేమతో పాటు ఉప్పూ ఉంటుంది. లోపలి ఊళ్లలో కూడా చేలల్లో నీళ్లు నిలిచే కాలంలో తేమకి తక్కువేం లేదు. పోర్టు కాంటాక్టుల మీద పూత అరిగిన చోట చిలుం పడుతుంది. వైరు కదిపితే పనిచేసి, వదిలితే పోయే పరికరాల్లో చాలా వాటిది ఇదే కథ. టార్చి వేసి చూడండి: పచ్చగా, నల్లగా మచ్చలున్నాయా, చీమలు మట్టి పెట్టాయా, బల్లి పిల్ల దూరిందా.

శుభ్రం చేయాలంటే కంప్యూటర్ ఆపి, ప్లగ్ పీకి, 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో కొద్దిగా తడిపిన మెత్తటి బ్రష్‌తో పోర్టు నాలుక మీద నాలుగైదు సార్లు తుడవండి. అరగంట ఆరనివ్వండి. శానిటైజర్‌లో నీళ్లు, జిగురు ఉంటాయి, అది వద్దు. గరుకు కాగితం, గుండుసూది అసలే వద్దు. మామూలు యూఎస్‌బీ టైప్-ఏ పోర్టు 1,500 సార్లు పెట్టి తీయడానికి తయారైనది. రోజూ టోకెన్ పెట్టి తీసేవాళ్లు ఆ పోర్టులో జానెడు ఎక్స్‌టెన్షన్ వైరు శాశ్వతంగా ఉంచి, టోకెన్‌ని దాని చివర పెట్టుకుంటే అరిగేది వైరు, మదర్‌బోర్డు కాదు.

కరెంటు పోయి వచ్చే రోజుల్లో ఇంకో తప్పు బయటపడుతుంది. కంప్యూటర్ యూపీఎస్ మీద ఉంటుంది, పవర్డ్ హబ్ అడాప్టర్ మాత్రం మామూలు ప్లగ్‌లో ఉంటుంది. కరెంటు పోగానే కంప్యూటర్ నడుస్తూనే ఉంటుంది, హబ్ మీదున్న డిస్కులన్నీ రాస్తూ రాస్తూ తెగిపోతాయి. హబ్ అడాప్టర్ యూపీఎస్ బ్యాటరీ సాకెట్‌లోనే ఉండాలి. లేజర్ ప్రింటర్ మాత్రం యూపీఎస్ మీద ఉండకూడదు. మామూలు 600 వీఏ యూపీఎస్ ఇచ్చేది 360 వాట్ల దగ్గర, లేజర్ ప్రింటర్ వేడెక్కేటప్పుడు దానికి రెట్టింపు పైనే లాగుతుంది. ప్రింట్ ఇచ్చిన ప్రతిసారీ వేరే పరికరాలు ఊడుతుంటే ప్రింటర్, హబ్ ఒకే ఎక్స్‌టెన్షన్ బాక్స్ మీద ఉన్నాయేమో చూడండి.

సీపీయూ డబ్బా ముట్టుకుంటే చురుక్కుమంటోందంటే ఎర్తింగ్ లేదని. అలాంటి ఇంట్లో రెండు పరికరాల డబ్బాల మధ్య లీకేజీ యూఎస్‌బీ వైరు గుండా పారి, స్పీకర్లో గుర్రుమనే శబ్దం, ఉన్నట్టుండి పరికరాలు తెగడం లాంటివి వస్తాయి. మూడు పిన్నుల ప్లగ్‌ని రెండు పిన్నుల అడాప్టర్‌తో పెట్టడం మానేయండి. ఉప్పు నేలల్లో ఎర్త్ పైపు తుప్పు పట్టి ఉండవచ్చు, ఎలక్ట్రీషియన్‌తో చూపించండి. ఇది సొంతంగా పరీక్షించే పని కాదు.

పదిహేను సెకన్లలో ఆగిపోయే కంప్యూటర్

ఆన్ చేయగానే నల్లటి తెర మీద యూఎస్‌బీ డివైస్ ఓవర్ కరెంట్ స్టేటస్ డిటెక్టెడ్ అని వచ్చి 15 సెకన్లలో కంప్యూటర్ ఆగిపోతోందా? ఏదో ఒక పోర్టులో షార్ట్ ఉంది. విండోస్‌కి దీనితో సంబంధమే లేదు, ఎవరైనా ఫార్మాట్ కొట్టాలంటే కంప్యూటర్ తిరిగి తెచ్చేసుకోండి. పరికరాలన్నీ పీకి, కంప్యూటర్ ఆన్ చేయండి. ఆగకపోతే షార్ట్ పరికరంలో ఉంది, ఒక్కొక్కటే పెట్టి పట్టుకోండి. ఇంకా ఆగుతుంటే ముందు పోర్టుల లోపలి నాలుక విరిగి పిన్నులు ఒకదానికొకటి తగులుతుండవచ్చు. ప్లగ్ తీసి, డబ్బా తెరిచి, మదర్‌బోర్డు మీదికి వచ్చే ముందు పోర్టుల వైర్లు (2.0కి 9 పిన్నులది, 3.0కి 19 పిన్నులది) పీకి ఉంచి, కంప్యూటర్ మళ్లీ ఆన్ చేయండి. దాంతో లేస్తే ముందు పోర్టులు వదిలేసి వెనకవే వాడుకోవచ్చు. అప్పుడూ లేవకపోతే మదర్‌బోర్డు మీదే లోపం.

ఇవన్నీ అయ్యాక కూడా తగ్గకపోతే

డివైస్ మేనేజర్‌లో యూనివర్సల్ సీరియల్ బస్ కంట్రోలర్స్ కింద ఉన్నవి అన్‌ఇన్‌స్టాల్ చేసి రీస్టార్ట్ చేస్తే విండోస్ వాటిని కొత్తగా పేర్చుకుంటుంది. మధ్యలో యూఎస్‌బీ కీబోర్డు, మౌస్ చచ్చిపోతాయి. భయపడకుండా పవర్ బటన్ ఒక్కసారి నొక్కి వదలండి, డెస్క్‌టాప్ అయితే చాలావరకు మామూలుగా షట్‌డౌన్ అవుతుంది. అంతకుముందే తెరిచిన పనులన్నీ సేవ్ చేసుకోండి, రిస్టోర్ పాయింట్ పెట్టుకోండి. మదర్‌బోర్డు లేదా ల్యాప్‌టాప్ కంపెనీ సైట్ నుంచి చిప్‌సెట్ డ్రైవర్ వేయండి. డ్రైవర్లన్నీ ఒకే బటన్‌తో అప్‌డేట్ చేస్తామనే సాఫ్ట్‌వేర్లు వద్దు, పది బాగు చేసి ఒకటి చెడగొడితే ఆ ఒకటీ ఏదో మీకు తెలియదు.

నిజంగానే కంట్రోలర్ చాలకపోతే డెస్క్‌టాప్‌లో ఖాళీ పీసీఐ ఎక్స్‌ప్రెస్ స్లాట్‌లో యూఎస్‌బీ 3.0 కార్డు పెట్టించుకోండి. కొత్త కంట్రోలర్, కొత్త డేటా దారి వస్తాయి. ఎస్‌ఎంపీఎస్ (కంప్యూటర్ లోపలి పవర్ సప్లై) నుంచి సాటా పవర్ వైరు తగిలించుకునే కార్డే తీసుకోండి, లేకపోతే కరెంటు కొరత అలాగే ఉంటుంది. డిస్కులు, కెమెరాలు కార్డు మీదికి మార్చి, వేలిముద్రల మెషీన్, టోకెన్, ప్రింటర్ మదర్‌బోర్డు పోర్టుల మీదే ఉంచండి. ల్యాప్‌టాప్‌కి ఈ దారి లేదు. దానికి మంచి అడాప్టర్ ఉన్న ఒక్క పవర్డ్ హబ్, మిగిలిన పోర్టులో నేరుగా వేలిముద్రల మెషీన్, ఇదే కుదిరే అమరిక.